ఛాయాస్తంభములు, ఛాయాచిత్రములు

విజయపురి సౌత్ రేవులో నాగార్జునకొండకు పోవు లాంచి ఎక్కినవారు మొదట చేయు పని కెమెరా పైకి తీయుట. ఒక ప్రక్క నల్లమల కొండల వరుస, ఒక ప్రక్క ఆనకట్ట వెనుక నిండిన కృష్ణాజలము, నడుమ పిల్లల నవ్వు మొగములు. ఇట్టి బొమ్మ పల్నాటిలో పెక్కు ఇండ్ల గోడలపై కనబడును. అందు తప్పు లేదు. అయితే లాంచి సాగుచున్నంతసేపు తమ పాదముల క్రింద, నీటి అడుగున, ఒక రాజధాని వీధులు కలవనియు, ఆ వీధులలో ఒకప్పుడు కెమెరాతో కాలినడకను తిరిగినవారు కలరనియు మనలో చాలమందికి స్ఫురింపదు.

ఆ రాజధాని పేరు విజయపురి. శాతవాహనుల ప్రాభవము సన్నగిలిన పిమ్మట, క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో, ఇక్ష్వాకు రాజులు అచటనుండి కృష్ణాతీరము నేలిరి. మూడు దిక్కుల కొండలు, నాల్గవ దిక్కున నది. పెట్టనికోట వంటి లోయ. నేడు ఆ నగరమును నడచి చూచుటకు వీలులేదు. చూడగోరువారికి మిగిలిన దారి ఒకటే: మునుగకముందు దానిని నడచినవారు తీసియుంచిన ఛాయాచిత్రములు. ఒక ఊరిని కెమెరాతో నడచి చూచుట అననేమో, అందువలన ఏమి దక్కునో, ఏమి దక్కదో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి పాఠము ఈ సీమలో మాకు దొరకలేదు.

ఈ కథకు మొదలు 1926వ సంవత్సరము. స్థానిక ఉపాధ్యాయులు సూరపరాజు వెంకటరామయ్యగారు ఆ లోయలో ఒక ప్రాచీన స్తంభమును చూచి మద్రాసు ప్రభుత్వమునకు తెలియజేసిరి. శాసనపరిశోధన శాఖలో తెలుగు సహాయకులైన సరస్వతిగారు వచ్చి చూచి, ఇది సామాన్యమైన దిబ్బ కాదని గుర్తించిరి. బడి ముగిసిన పిమ్మట నాలుగు అడుగులు నడచు అలవాటు ఒక బడిపంతులుకు లేకున్నచో ఆ గుర్తింపు మరి ఎంత ఆలస్యమయ్యెడిదో! 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ దొర అచట త్రవ్వకములు జరిపించెను. 1938లో టి. ఎన్. రామచంద్రన్‌గారు ఆ పనిని మరల చేపట్టిరి. అంతలో నందికొండవద్ద ఆనకట్ట మాట వచ్చినది.

సాధారణముగా పురాతత్త్వజ్ఞులకు తొందర ఉండదు. ఈ తరము త్రవ్వనిది పై తరము త్రవ్వును. విజయపురి విషయములో ఆ ధీమా లేకపోయెను. నీరు వచ్చుట నిశ్చయము. 1954లో డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున లోయనంతటిని శోధించు పని ఆరంభమైనది. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. ఒక వంక ఆనకట్ట లేచుచుండగా, మరియొక వంక నూటికి పైబడిన స్థలములలో పారలు, బుట్టలు, కొలత గొలుసులు, కెమెరాలు 1960 వరకు విరామమెరుగక పనిచేసినవి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. పల్నాటి మెట్టకు ఆ నీటి విలువ ఏమో మేము చెప్పనక్కరలేదు. ఒక నగరమును ఇచ్చి కొన్న నీరు అది.

లాంగ్‌హర్స్ట్ దినములలో కెమెరా యనగా చేతిలో ఇమిడెడు వస్తువు కాదు. ముక్కాలి పీట, తోలుతిత్తి, పెట్టెనిండ గాజుపలకలు. ఇవి అన్నియు మాచెర్లనుండి ఇరువదికి పైబడిన కిలోమీటర్ల కొండదారిన చేరవలెను. నల్లగుడ్డ క్రింద తల దూర్చి, గరుకు గాజుపై తలక్రిందులుగా పడిన బొమ్మను సరిచూచుకొని, పలకను ఎక్కించి, కటకపు మూత తీసి, లెక్కపెట్టి, మరల మూయవలెను. పలక పగిలినచో ఆనాటి శ్రమ వ్యర్థము. కనుకనే మీట నొక్కుటకు ముందు చాలసేపు చూచెడివారు. నేడు చేతిఫోనులో క్షణమునకు పది బొమ్మలు తీయువారము, ఆ చూచుటను మాత్రము మానుకొంటిమి.

వారు పాటించిన పద్ధతులు కొన్ని గృహస్థులకు కూడ పనికివచ్చునవి. చిత్రములో ఎక్కడనో ఒక కొలబద్ద నిలుపుదురు. అది లేనిచో ఇటుకగోడ మోకాలెత్తో మనిషియెత్తో తెలియదు. ఏ దిక్కునకు తిరిగి తీసినదియు వ్రాసికొందురు. త్రవ్వుటకు ముందు ఒకటి, త్రవ్వుచుండగా ఒకటి, త్రవ్విన పిమ్మట ఒకటి. ఒకే చోటనుండి తీయుదురు. అన్నింటికంటె ముఖ్యము వెలుగు. విజయపురి శిల్పములు పల్నాటి సున్నపురాతిలో చెక్కినవి, రాయి లేతవన్నెది. నడిమధ్యాహ్నపు ఎండలో అట్టి రాతిమీద శిల్పము చదునై, మొగము లేనిదానివలె అగపడును. ఉదయముననో సాయంకాలముననో ఏటవాలుగా వెలుగు పడినపుడు గోటిగీత సైతము తన నీడను తాను చూపును. వేసవి వాతావరణవార్తలలో రెంటచింతల పేరు వినని శ్రోత ఉండడు. ఆ ఎండలో పది గంటలు దాటిన పిమ్మట కెమెరాను సంచిలో పెట్టుటే మేలని మేమును నేర్చుకొంటిమి.

ఇక ఆ నగరములో కొంచెము నడతము. చిత్రములను నేలపటముతో జోడించి చూచినచో దారి తెలియును. నదినుండి పైకి రాతిమెట్ల స్నానఘట్టము. తీరమున దేవాలయములు. సుమారు 900 మీటర్ల పొడవు, 600 మీటర్ల వెడల్పు గల కోట. చుట్టును ప్రాకారము, కందకము. కోటకు వెలుపల నాలుగు వైపుల మెట్లతో కూర్చుండు ఏర్పాటుగల ప్రేక్షాంగణము. తల్లులు బిడ్డలకొరకు కొలిచిన హారీతి గుడి. తూర్పుదెసకు పోయినకొలది బౌద్ధ విహారములు. అందు సింహళదేశపు భిక్షువులకని కట్టినది ఒకటి. నడుమ మహాచైత్యము. చక్రములో ఆకులవలె లోపల గోడలు పేర్చి, వాని సందులను మట్టితో పూడ్చి కట్టిన స్తూపమది. పైనుండి తీసిన చిత్రములో బండిచక్రము నేలపై పరచినట్లుండును. అందు లభించిన ధాతువును తరువాత సారనాథమునకు తీసికొనిపోయిరి.

కొన్ని కట్టడములను రాయి రాయి విప్పి కొండ శిఖరమునకును, కుడిగట్టున అనుపునకును చేర్చి మరల నిలిపిరి. అనుపులో ప్రేక్షాంగణపు మెట్లపై నేడును కూర్చుండవచ్చును. అయితే అక్కడ కట్టడము ఉన్నది గాని దాని ఇరుగు పొరుగు లేదు. గుడినుండి ఘట్టమునకు ఎన్ని అడుగులు, ఘట్టమునుండి కోట వాకిలి కనబడునా లేదా, ఇవి చెప్పగలవి పటములు, చిత్రములు మాత్రమే. రాళ్ళను మోసికొనిపోవచ్చును, రాళ్ళ నడుమనున్న దూరమును మోయలేము.

ఆ లోయలో దొరికిన వానిలో మమ్ము మిక్కిలి ఆకర్షించినవి మహాచైత్యమును కావు, కోటయును కాదు. గతించినవారి స్మృతికై నిలిపిన రాతికంబములు. వానిపై ఆ వ్యక్తి రూపము, జీవితమునందలి ఘట్టములు చెక్కి, క్రింద ప్రాకృతములో పేరు, ఊరు వ్రాసిరి. శాసనములలో వాని పేరే ఛాయాస్తంభములు. రాజవంశమునకు మూలపురుషుడైన చాంతమూలునకు, అతని కుమారుడు వీరపురుషదత్తుని ఇరువదవ పాలనసంవత్సరమున, అంతఃపురమువారు అట్టి స్తంభమును నిలిపిరి. అది ఆశ్చర్యము కాదు. సేనానులకును, పోరులో కూలిన భటులకును, చేతిపనివారి పెద్దకును కూడ స్తంభములు ఉన్నవి. అది ఆశ్చర్యము. పదునేడు వందల ఏండ్లకు పూర్వము ఈ గడ్డమీద ఒక పనివాని రూపమును నిలుపుకొనవలెనని తోచినది. ఫొటోకు తెలుగువారు ఛాయాచిత్రమని పేరు పెట్టుకొన్నపుడు ఈ స్తంభములు వారి మనస్సులో ఉన్నవని మేము అనము. మాట మాత్రము అదే మాట.

ఊరు పోవుట మనకే కలిగిన అనుభవము కాదు. జపాను రాజధాని టోకియో 1923 సెప్టెంబరు 1వ తేదీ భూకంపములోను, దాని వెంట రేగిన మంటలలోను సగము పోయెను. తిరిగి కట్టుకొన్న తూర్పు పేటలు 1945 మార్చి 10వ తేదీ రాత్రి విమానదాడిలో బూడిద అయ్యెను. ఈ రెండింటి నడుమ కిమురా ఇహేయి అను ఆయన, 1901లో ఆ నగరముననే పుట్టినవాడు, లైకా అను చిన్న కెమెరా చేతబట్టి దిగువపేటల వీధులలో నడచుట ప్రారంభించెను. అతడు వెదకినవి మేడలు కావు. అంగడి ముంగిట మాటలాడుకొనువారు, ఆడుకొను పిల్లలు, పనికి పోవువారు. ముక్కాలి పీట అక్కరలేని కెమెరా రాగా, నడచుచున్న మనిషికి నడచుచున్న మనిషిని తీయు వీలు కలిగినది. కాలిన పేటలలో మనుషులు ఎట్లు నిలిచెడివారో, ఎట్లు నవ్వెడివారో నేడు అట్టి చిత్రములే చెప్పవలెను.

ఈ మాట అనుకొన్నపుడు విజయపురి చిత్రములలోని లోటు మాకు తెలిసివచ్చినది. ఆ లోయ నిర్జనము కాదు. పుల్లారెడ్డిగూడెమను ఊరు అందు ఉండెడిది. ఇక్ష్వాకుల నగరముతోపాటు ఆ ఊరును మునిగినది. జనము లేచి పోయిరి. పురాతత్త్వశాఖ గ్రంథములు త్రవ్వకములకొరకు పుట్టినవి. పొయ్యిగడ్డయు, పశువుల కొట్టమును వానికి విషయము కాదు. తప్పుపట్టుటకు అనుట లేదు. మూడవ శతాబ్దపు చేతిపనివాని పేరు తెలిసిన మనకు, ఇరువదవ శతాబ్దిలో ఆ లోయను దున్నిన రైతు గడప ఎట్లుండెడిదో చూపు బొమ్మ దొరకుట కష్టము. అంతియే.

అందుచేత మేము మాచెర్లలో నడచునపుడు చెన్నకేశవస్వామి గుడిని మొదట తీయరాదని నియమము పెట్టుకొంటిమి. బ్రహ్మనాయుని పేరుతో ముడిపడిన ఆ గుడిని ఎల్లరును తీయుదురు. మేము వీధి పట్టుకొంటిమి. పల్నాటి వీధి యనగా రాయి. నాపరాళ్ళు నేలపై పరచినవి, ఇంటికప్పుగా వేసినవి, నిలువున పాతి దడిగా నిలిపినవి. ఇతర సీమలలో ముళ్ళకంప చేయు పని ఇచట బండ చేయును. అట్టి దడి ప్రక్కన ఇపుడు సిమెంటు ఇటుకల గోడ లేచుచున్నది. ఇల్లుగలవారికి అది సుఖమే. కట్టవలదను అధికారము మనకెక్కడిది? పాత దడిని ఒక బొమ్మ తీసియుంచుటకు మాత్రము ఎవరును అడ్డు చెప్పలేదు. మొదటి రోజున కెమెరా బయటికి తీయక ఊరక నడచితిమి. రెండవ రోజున పలుకరించితిమి. మూడవ రోజున వారే పిలిచిరి.

కారెంపూడిలో వేరొక పాఠము. కార్తీక అమావాస్యకు వీరుల గుడివద్ద అయిదు దినముల ఉత్సవము ఆరంభమగును: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. పల్నాటి యుద్ధమునందలి వీరుల ఆయుధములను భుజమున మోసికొనుచు జనము వత్తురు. చూచువారికి వేడుక, మోయువారికి పితృకార్యము. తొందరపాటున మేము అడ్డముగా పోయి కెమెరా ఎత్తగా, ఒక పెద్దాయన చేయి చాపి ఆపి, “ముందు దణ్ణం పెట్టుకోండి బాబూ, తర్వాత తీసుకుందురు గాని,” అనెను. దణ్ణము పెట్టుకొంటిమి. లేచి చూచునప్పటికి మేము తీయదలచిన బొమ్మ దాటిపోయినది. దానికంటె మంచిది ఎదుట నిలిచినది: ఆయుధమును దించి, చెమట తుడుచుకొనుచు, నాగులేటివైపు చూచుచున్న ఆ పెద్దాయనయే.

ఇంత చెప్పినందుకు మా అపరాధము ఒకటి ఒప్పుకొనవలెను. మేము ధ్వనిని పట్టువారము; టేపుమీద తేదీ వ్రాయనిదే బీరువాలో పెట్టము. బొమ్మల విషయములో ఆ బుద్ధి ఉండదాయెను. ఇటీవల పాత కాగితములు సర్దుచుండగా ఒక కవరు దొరికినది. పల్నాటి పర్యటనలలో మేము తీసినవే. బండల మిద్దె, గుమ్మములో రోకలి పట్టుకొన్న ఒక అమ్మ, ఏదియో చూచి నవ్వుచున్న పిల్లవాడు. గురజాలయా? దాచేపల్లియా? వెనుక ఒక్క అక్షరము లేదు. ఎవరిని అడుగవలెనో తెలియక ఆ అమ్మ మొగమును చూచుచు కూర్చుంటిమి. విజయపురిలోని చేతిపనివాని స్తంభముపై వ్రాత ఉన్నది. మా చేతిలోని అమ్మకు లేదు.

అప్పటినుండి ప్రతి బొమ్మ వెనుకను పెన్సిలుతో నాలుగు మాటలు వ్రాయుచున్నాము: ఊరు, వీధి, తేదీ, ఏ దిక్కునకు తిరిగి తీసినది. బొమ్మలో ఉన్నవారికి ఒక ప్రతి ఇచ్చి వారు చెప్పినదియు వ్రాసికొందుము. మాచెర్లలో బండల దడి బొమ్మను ఆ ఇంటి తాతగారికి చూపినపుడు ఆయన అద్దములు సవరించుకొని, చాలసేపు చూచి, “దడి సరే నాయనా, దీని పక్కన వేపచెట్టేదీ? మా నాయన దాని నీడ చూసుకొనే ఇక్కడ బండలు పాతాడు,” అనెను. చెట్టు మా చిత్రపు అంచునకు బెత్తెడు అవతల ఉండిపోయినది. మరునాడు తెల్లవారుజామున, వెలుగు ఏటవాలుగా ఉండగనే, మరల ఆ వీధికి నడచి పోతిమి.