పురస్కార చిత్రాలు - ప్రదర్శన సమస్య

పురస్కారాలు పొందిన చిత్రాలలో అధికభాగం సాధారణ సినిమా హాళ్ళకు చేరవు. ఇందుకు ప్రముఖ ఉదాహరణ బి.నర్సింగరావు దర్శకత్వం వహించిన '''దాసి''' (1988). తెలంగాణ గడీలలోని దాసీల బ్రతుకును చూపిన ఈ చిత్రానికి 5 జాతీయ పురస్కారాలు లభించాయి. దుస్తుల రూపకల్పనకు పురస్కారం పొందిన మిర్యాలగూడ వాసి సుదర్శన్‌కు ఆ చిత్రం పేరే ఇంటిపేరై, "దాసి సుదర్శన్" అని స్థిరపడింది.

అయితే పురస్కారం పంపిణీదారునికి హామీ కాదు. తెలుగు చిత్రాల హక్కులను ప్రాంతాలవారీగా విక్రయిస్తారు. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ "నైజాం" ఏరియాలోనివి. కొనేవాడు ముందే సొమ్ము పెట్టాలి కనుక కథానాయకుని, పాటలను చూసి బేరమాడుతాడు. హాలును అద్దెకు తీసుకుంటే, జనం రాకున్నా అద్దె చెల్లించవలసిందే. పురస్కారాల ప్రకటన గతంలో సాధారణంగా మరుసటి సంవత్సరం వెలువడేది. ఒకప్పుడు చిన్న పట్టణాల ప్రేక్షకులకు దూరదర్శన్ ఆదివారపు ప్రసారాలే దిక్కు.

నర్సింగరావు నిర్మాతలలో ఒకరైన '''మా భూమి''' (1979) మాత్రం హాళ్ళలోనూ ఆదరణ పొందింది. జనం ఎరిగిన పోరాటగాథ, వారి నోట నిలిచిన పాటలు అందుకు తోడ్పడ్డాయి.