థ్రిల్లర్ చిత్రాల్లో కొనసాగింపు దోషాలు: గుర్తింపు, నిర్ణయం

కీలకపదాలు: థ్రిల్లర్, కంటిన్యుటీ, పూర్వాపర విరోధం, దండి, హిచ్‌కాక్, స్కోర్సేసీ, కుబ్రిక్.

1. ఉపోద్ఘాతం

చలనచిత్రాన్ని సాధారణంగా కథాక్రమంలో చిత్రీకరించరు. తెరమీద రెండు నిమిషాలు నడిచే సంభాషణకు రెండు రోజుల చిత్రీకరణ పట్టవచ్చు. వీధిలో మొదలైన సన్నివేశం నెల తరువాత వేరే ఊళ్లో వేసిన సెట్టులో పూర్తికావచ్చు. ఆ ముక్కలను కూర్చినప్పుడు పాత్ర దుస్తులు, చేతిలోని వస్తువు, గాయపు గుర్తు, గడియారంలోని సమయం, వెలుగునీడలు ఒకదానితో ఒకటి పొసగాలి. పొసగనిచోట ఏర్పడేదే కొనసాగింపు దోషం. దీనిని నివారించడానికి హాలీవుడ్‌లో ప్రతి షాట్ వివరాలనూ నమోదు చేసే ప్రత్యేక పర్యవేక్షకులు ఉంటారు. తెలుగు చిత్రరంగంలో ఈ బాధ్యత ఎక్కువగా సహాయ దర్శకులది. అక్కడ 'కంటిన్యుటీ' అనే మాటే వాడుక.

ఇతర చిత్రాల్లో ఇది చిన్న లోపం. థ్రిల్లర్‌లో దీని స్థితి వేరు. ఈ ప్రక్రియ ప్రేక్షకుణ్ణి నేరపరిశోధకుడి స్థానంలో కూర్చోబెడుతుంది. వేయని గడియ, సగం కాలిన సిగరెట్టు, చోటు మారిన గ్లాసు, ఏదైనా సాక్ష్యం కావచ్చు. అందువల్ల తెరమీద ఒక అసంగతి కనిపిస్తే అది పొరపాటా, కథ ఇచ్చిన ఆధారమా అన్నది తేలాలి. పొరపాటును ఆధారంగా తీసుకుంటే విశ్లేషకుడు లేని అర్థాన్ని నిర్మిస్తాడు. ఆధారాన్ని పొరపాటుగా కొట్టివేస్తే ఉన్న అర్థాన్ని కోల్పోతాడు. ఈ విచక్షణకు ఉపకరించే ఒక పద్ధతిని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. దోషం కంటపడకపోవడానికి కారణం

1997లో డేనియల్ లెవిన్, డేనియల్ సైమన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. వారు చూపిన ఒక చిన్న చిత్రంలో కూర్చున్న వ్యక్తి ఫోను మోగగానే లేస్తాడు. షాట్ మారేసరికి ఫోను అందుకునే వ్యక్తి వేరే నటుడు. చూసినవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఆ మార్పును చెప్పలేకపోయారు. ప్రేక్షకుడు ప్రధానంగా గుర్తుంచుకునేది చర్య తాలూకు అర్థాన్నే గాని దృశ్యంలోని ప్రతి వివరాన్నీ కాదని దీనివల్ల తెలుస్తుంది.

ఎడిటర్ల ఎంపిక కూడా దీనికి అనుగుణంగానే ఉంటుంది. 'ఇన్ ద బ్లింక్ ఆఫ్ ఎన్ ఐ' గ్రంథంలో వాల్టర్ మర్చ్ మంచి కట్‌కు ఆరు లక్షణాలు చెప్పి, భావోద్వేగానికి 51 శాతం, కథకు 23 శాతం ప్రాధాన్యం ఇచ్చాడు. నటులు, వస్తువులు ఉన్న స్థలపు కొనసాగింపుకు ఆయన ఇచ్చింది 4 శాతమే. నటన బాగా కుదిరిన టేక్‌లో వస్తువు చోటు మారినా ఎడిటర్ ఆ టేక్‌నే ఎంచుకోవచ్చు. అంటే కొన్ని దోషాలు అజాగ్రత్త వల్ల కాక, తెలిసి చేసుకున్న రాజీ వల్ల మిగిలిపోతాయి.

3. ఆలంకారికుల దృష్టి

ఈ సమస్య మన కావ్యశాస్త్రానికి కొత్తది కాదు. దండి కావ్యాదర్శంలో చెప్పిన పది దోషాల్లో 'వ్యర్థం' ఒకటి. ఇక్కడ వ్యర్థమంటే నిష్ప్రయోజనం కాదు, విరుద్ధార్థం. ఒకే వాక్యంలో గాని ప్రబంధంలో గాని ముందు చెప్పినదానికీ తరువాత చెప్పినదానికీ పొసగకపోవడం దాని లక్షణం. కొనసాగింపు దోషానికి ఇంతకంటే దగ్గరి నిర్వచనం దొరకడం కష్టం. దండి అక్కడితో ఆగలేదు. చిత్తం తీవ్రమైన ఉద్వేగానికి లోనైన అవస్థలో విరుద్ధమైన మాట కూడా అంగీకార్యమేనని మినహాయింపు ఇచ్చాడు. విరోధం దోషమా కాదా అన్నది అది ఎవరి చిత్తానికి చెందినదో చూసి తేల్చాలన్న ఈ సూత్రం థ్రిల్లర్ విశ్లేషణకు నేరుగా పనికివస్తుంది.

4. మూడు ప్రశ్నలు

అసంగతి కనిపించగానే రెండు షాట్లనూ నిలిపి చూసి, ఏది ఎక్కడ మారిందో ముందు నమోదు చేసుకోవాలి. ఆ తరువాత మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, దృష్టి: ఆ దృశ్యం ఏదైనా పాత్ర మనఃస్థితి ద్వారా మనకు అందుతున్నదా?
రెండవది, ఆవృత్తి: అదే వస్తువుకు లేదా అదే రకపు అసంగతికి చిత్రంలో మరోచోట అనుబంధం ఉన్నదా?
మూడవది, ప్రయోజనం: ఆ అసంగతిని సవరిస్తే కథార్థంలో ఏమైనా తగ్గుతుందా?

మూడింటికీ 'కాదు' అన్న సమాధానం వస్తే అది పొరపాటు. మూడింటికీ 'అవును' అయితే ఆధారంగా స్వీకరించవచ్చు. సమాధానాలు కలగాపులగంగా ఉంటే సందిగ్ధంగానే నమోదు చేయాలి.

5. అన్వయం

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 'నార్త్ బై నార్త్‌వెస్ట్' (1959)లో మౌంట్ రష్‌మోర్ ఫలహారశాల సన్నివేశం ప్రసిద్ధం. ఈవ్ కెండాల్ రోజర్ థార్న్‌హిల్‌పై తుపాకీ పేల్చుతుంది. పేలడానికి ముందే వెనుక కూర్చున్న ఒక బాలుడు చెవులు మూసుకుంటాడు. జరగబోయేది ఆ పాత్రకు తెలిసే అవకాశం లేదు. రిహార్సల్‌లోనో ముందరి టేక్‌లోనో చప్పుడు విన్న బాలనటుడికి తెలిసి ఉండవచ్చు. ఇక్కడ ఒక ప్రలోభం ఉంది. ఆ కాల్పులు కథలో కూడా నాటకమే, తూటాలు ఉత్తుత్తివే. కనుక బాలుడి చేష్ట ఆ రహస్యానికి సూచన అని వాదించవచ్చు. కాని ఆ దృశ్యం బాలుడి దృష్టిలోనిది కాదు, అటువంటి ముందెరుక మరోచోట కనిపించదు, ఆ చేష్టను తొలగించినా కథకు లోటు లేదు. వ్యాఖ్య ఎంత ఆకర్షకమైనా ఇది పొరపాటే.

మార్టిన్ స్కోర్సేసీ 'షట్టర్ ఐలాండ్' (2010)లో టెడ్డీ డేనియల్స్ ఒక రోగిని ప్రశ్నిస్తాడు. ఆమె నీళ్లు అడుగుతుంది. తాగుతున్న ఒక షాట్‌లో ఆమె చేతిలో గ్లాసు ఉండదు; ఆ వెంటనే బల్లపై ఖాళీ గ్లాసు కనిపిస్తుంది. చిత్రమంతా టెడ్డీ చిత్తం ద్వారానే నడుస్తుంది. పడవలో అతని వాంతి, తుఫాను, చివరకు బయటపడే పిల్లల జలమరణం, ఇలా నీటి ప్రస్తావన ఆద్యంతం ఉంది. అతడు తాను అనుకుంటున్న వ్యక్తి కాదని తేలిన తరువాత, నీటిని చూడలేని మనసు గ్లాసును చెరిపివేసిందన్న వ్యాఖ్య నిలుస్తుంది. దండి చెప్పిన మినహాయింపుకు ఇది తగిన ఉదాహరణ.

స్టాన్లీ కుబ్రిక్ 'ద షైనింగ్' (1980) ఈ రెండింటి నడుమ నిలుస్తుంది. జాక్ టైపు చేస్తుండగా భార్య వచ్చే సన్నివేశంలో అతని వెనుక ఉన్న కుర్చీ ఒక షాట్‌లో మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతుంది. టైపురైటర్ రంగు కూడా చిత్రంలో మరోచోట మారుతుంది. కనుక ఆవృత్తి ఉంది. భూతగృహం వంటి హోటల్ కావడంతో దృష్టి ప్రశ్నకు కూడా కొంత అవకాశం ఉంది. కాని కుర్చీ లేకపోవడం కథలో దేనినీ విప్పదు. ఈ చిత్రంపై వచ్చిన భిన్న వ్యాఖ్యానాలను 'రూమ్ 237' (2012) అనే డాక్యుమెంటరీ ఒకచోట చేర్చింది. దర్శకుడు పరిపూర్ణతావాది కనుక ప్రతి అసంగతీ ఉద్దేశపూర్వకమే అన్న వాదం కర్త కీర్తిని సాక్ష్యంగా వాడుకుంటుంది. పాఠంలో ఆధారం లేనప్పుడు ఆ కీర్తి చాలదు. దీనిని సందిగ్ధంగా ఉంచడమే న్యాయం.

6. ముగింపు

కొనసాగింపు దోషాలను పట్టుకోవడం సులభమైన వినోదంగా కనిపించినా, వాటిని నిర్ణయించడం పాఠవిమర్శకు చెందిన పని. రాతప్రతిలోని పాఠభేదం లేఖక దోషమా, కవి ఉద్దేశమా అని పరిష్కర్త తేల్చుకున్నట్లే చలనచిత్ర విశ్లేషకుడు కూడా తేల్చుకోవాలి. దృష్టి, ఆవృత్తి, ప్రయోజనం అనే మూడు ప్రశ్నలు ఆ పనికి కొలమానం కాగలవు. సందిగ్ధమైన చోట నిర్ణయాన్ని ఆపుకోవడం కూడా పరిశోధనా ఫలితమే. తెలుగు థ్రిల్లర్ చిత్రాలకు ఈ కొలమానాన్ని అన్వయించే పనికి ఇక్కడ ఎంతో అవకాశం ఉంది.