ప్రాకే వెదురు: పెంపకం, అదుపు

వెదురు అనగానే నిటారుగా ఎదిగే పొద గుర్తుకు వస్తుంది. తెలుగు రాష్ట్రాల అడవులలో పెరిగే సాధనపు వెదురు, ముళ్ళ వెదురు ఈ కోవకే చెందుతాయి. అయితే చెట్లను ఆధారం చేసుకొని పైకి ప్రాకే వెదురు జాతులు కూడా ఉన్నాయి. ఆగ్నేయాసియా వర్షారణ్యాలలో విస్తరించిన డైనోక్లోవా ప్రజాతి వీటిలో ముఖ్యమైనది. మన దేశంలో అండమాన్ దీవులలో పెరిగే డైనోక్లోవా అండమానికా ఈ ప్రజాతిలోనిదే.

ప్రాకే విధానం: ఈ వెదురుకు నులితీగలు ఉండవు. గడ ప్రతి కణుపు వద్ద కొద్దిగా వంగుతూ వంకరటింకరగా సాగుతుంది. కణుపును చుట్టి ఉండే తొడుగు అడుగుభాగం గరుకుగా ఉండి, ఆధారం నుండి జారిపోకుండా గడను నిలుపుతుంది. ప్రతి కణుపు వద్ద ఒక పెద్ద మొగ్గ నిద్రాణస్థితిలో ఉంటుంది. గడ కొన విరిగినప్పుడు ఈ మొగ్గ చిగురించి, ప్రధాన గడ స్థానాన్ని భర్తీ చేస్తుంది. అందువలన కొన తుంచినంత మాత్రాన ఈ వెదురు అదుపులోకి రాదు. అదుపు చేయవలసినది మొదలు వద్దనే.

నాటడం: అండమాన్ దీవులలో ఏటా సుమారు 3000 మి.మీ. వర్షం కురుస్తుంది. కాబట్టి తేమ, పాక్షిక నీడ, నీరు నిలువని సారవంతమైన నేల ఈ వెదురుకు అవసరం. వర్షాధార మెట్ట భూములకు ఇది అనువైనది కాదు. ఏడాది వయస్సున్న గడను భూగర్భ కాండం, వేళ్ళతో సహా వేరుచేసి, తొలకరిలో నాటుకోవాలి. విత్తనం త్వరగా మొలకశక్తిని కోల్పోతుంది గనుక సేకరించిన వెంటనే విత్తుకోవాలి. అటవీ భూముల నుండి మొక్కలను సేకరించడానికి అటవీశాఖ అనుమతి తప్పనిసరి. 2017లో భారత అటవీ చట్టానికి చేసిన సవరణ అడవుల వెలుపల పెరిగే వెదురుకు మాత్రమే వర్తిస్తుంది.

యాజమాన్యం: పశువుల ఎరువు వేసి, రాలిన ఆకులను మొదళ్ళ చుట్టూ ఆచ్ఛాదనగా ఉంచాలి. లేత కొమ్ములు పెళుసుగా ఉంటాయి కాబట్టి వాటిని వంచి కట్టరాదు. కొత్త కొమ్ములు ప్రధానంగా ఒకటి, రెండేళ్ళ గడల మొదళ్ళ నుండి వస్తాయి. కనుక ఆ గడలను ఉంచి, మూడేళ్ళు దాటిన వాటిని వేసవిలో, వర్షాలకు ముందు, నేలకు దగ్గరగా ఉన్న కణుపుపైన కోయాలి.

హెచ్చరిక: మలేషియాలోని సబా రాష్ట్రంలో కలప తీసిన అడవులలో డైనోక్లోవా దట్టంగా అల్లుకొని, లేత చెట్లకు వెలుతురు అందకుండా చేసి, అడవి తిరిగి ఎదగడానికి ఆటంకంగా మారింది. చెట్ల కప్పు తొలగి వెలుతురు పెరిగిన చోట దీని ఉధృతి ఎక్కువవుతుంది. కాబట్టి కొబ్బరి, పోక, పండ్ల తోటలలోనూ, అడవుల అంచులలోనూ దీనిని నాటించరాదు. వృక్షోద్యానాలలో, పరిశోధనా క్షేత్రాలలో విడిగా నిలిపిన బలమైన స్తంభాలపై పెంచుకోవచ్చు. ఏటా పాత గడలను కోసే ఏర్పాటు లేని చోట ఈ వెదురును సిఫారసు చేయకపోవడమే ఉత్తమం.