తలుపు తీయాల్సింది మీరే!

భయానక చిత్రాల్లో అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టే వస్తువేమిటో చెప్పుకోండి చూద్దాం! పుర్రె అంటారా? నల్లపిల్లి అంటారా? తెల్లచీర, విరబోసిన జుట్టు అంటారా? ఉహూఁ... మూసి ఉన్న తలుపు! కథానాయిక చేతిలో దీపంతో మెల్లగా మెట్లెక్కుతుంది. తలుపు ముందు ఆగుతుంది. గడియ మీద చెయ్యి వేస్తుంది. హాలంతా కిక్కురుమనదు. నేలక్లాసులోంచి ఎవడో ఉండబట్టలేక "తియ్యకమ్మోవ్!" అని కేకేస్తాడు. ఆవిడ వింటుందా? వినదు, తీస్తుంది. మనం గుండెలు చిక్కబట్టుకుంటాం. ఇంటర్వెల్లో సోడా తాగుతూ ఆ మాటే చెప్పుకుని నవ్వుకుంటాం.

ఇప్పుడు ఇందులో ఒక్క చిన్న మార్పు చేసి చూడండి. ఆ తలుపు కథానాయిక తీయదు. దర్శకుడు తీయించడు. మీరు తీయాలి! మీరు మీట నొక్కేదాకా తెరమీది మనిషి అలా నిలబడే ఉంటాడు, గంట గడిచినా సరే. నొక్కితేనే కథ నడుస్తుంది. లోపల ఏదో ఉందని మీకు తెలుసు. అయినా నొక్కాలి. మరి అప్పుడెలా ఉంటుంది?

"సర్వైవల్ హారర్" అని పేరుపడిన వీడియో గేముల కిటుకు అంతా ఇక్కడే ఉంది. సినిమా పత్రికలో ఈ ఆటల గొడవేమిటని కొందరు పాఠకులు నొసలు చిట్లించవచ్చు. కానీ ఈ ఆటలు సినిమా కడుపున పుట్టినవే సుమండీ! పుట్టి, పెరిగి, ఇవాళ సినిమాకే నాలుగు మాటలు నేర్పగల స్థితికొచ్చాయి. అందుకే ఈ ముచ్చట.

సినిమా బిడ్డే!

1989లో జపాన్‌లో కియోషి కురొసావా దర్శకత్వంలో "స్వీట్ హోమ్" అనే దయ్యాల కొంప చిత్రం వచ్చింది. అదే ఏడాది అదే పేరుతో క్యాప్‌కామ్ సంస్థ ఒక వీడియో గేమ్ చేసింది. పాడుబడ్డ బంగళాలో చిక్కుకున్న అయిదుగురు బయటపడాలి. అందులో ఎవరైనా చనిపోతే ఇక తిరిగి రారు. మిగిలినవాళ్లతోనే ఆట ముగించాలి. 1992లో ఫ్రాన్సు నుంచి "అలోన్ ఇన్ ద డార్క్" వచ్చింది. ఇందులో కెమెరా ఒక మూల స్థిరంగా నిలబడి, సినిమా షాటులా గదిని చూపిస్తుంది.

ఈ రెండు పాయలూ కలిసింది 1996లో. క్యాప్‌కామ్ వారే, షింజీ మికామి దర్శకత్వంలో "రెసిడెంట్ ఈవిల్" విడుదల చేశారు. జపాన్‌లో దాని పేరు "బయోహజార్డ్". మళ్లీ అదే బంగళా, లోపల బతికున్న శవాలు. "సర్వైవల్ హారర్" అనే మాట లోకమంతా పాకింది ఈ ఆటతోనే.

ఇందులో కెమెరా ఎక్కడ ఉండాలో ఆడేవాడి చేతిలో లేదు. వసారా మలుపు తిరగబోతారు. మలుపు అవతల ఎవరో కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్న చప్పుడు వినిపిస్తుంది. కెమెరా మాత్రం ఇవతలి మూలనుంచి మీ ముఖాన్నే చూపిస్తుంది. మీ మనిషికి కనిపించాల్సింది మీకు కనిపించదు! ఇంకో చోట ఒక పొడవాటి వసారా, పక్కన కిటికీలు. ఏమీ జరగదు. సగం దూరం నడిచి "అమ్మయ్య" అనుకునేలోపు అద్దాలు భళ్లున పగిలి కుక్క లోపలికి దూకుతుంది. ఆ తర్వాత ఆటలో కిటికీ ఎక్కడ కనిపించినా ఆడేవాడి చెయ్యి తడబడుతుంది. కుక్క ఒక్కసారే దూకింది, భయం మాత్రం ప్రతి కిటికీకీ అంటుకుంది!

మూడే తూటాలు

మన సినిమాల్లో కథానాయకుడి రివాల్వర్‌లో తూటాలు అయిపోవడం ఎప్పుడైనా చూశారా? విలన్ దగ్గరకొచ్చాకే అయిపోతాయి, అదీ ఫైటింగు కోసం! ఈ ఆటల్లో ఆ వరుస చెల్లదు. తూటాలు బహు కొద్దిగా దొరుకుతాయి. దొరికినవన్నీ మోయడానికీ వీల్లేదు. "రెసిడెంట్ ఈవిల్"లో క్రిస్ అనే పాత్ర ఆరు వస్తువులు మాత్రమే దగ్గర ఉంచుకోగలడు. జిల్ అనే అమ్మాయి ఎనిమిది. తుపాకీ ఒకటి, తూటాలు ఒకటి, మందు ఒకటి, తాళంచెవి ఒకటి... అయిపోయింది! ఆఖరికి ఆడినంతవరకూ దాచుకోవడానికి కూడా అక్కడక్కడా ఉన్న టైప్‌రైటర్లే గతి. వాటికి సిరా రిబ్బన్ కావాలి, రిబ్బన్లూ లెక్కే. అంటే ప్రాణం దాచుకోవడానికీ ఖర్చు పెట్టాలన్నమాట!

నెలాఖరున జేబులో మిగిలిన డబ్బు లెక్కపెట్టుకున్న ప్రతివాడికీ ఈ భయం తెలుసు. ఇప్పుడు ఖర్చుపెడితే రేపెలా? దాచుకుంటే ఇవాళెలా? 2002లో ఈ ఆటనే కొత్తగా తీర్చిదిద్దినప్పుడు ఇంకో మెలిక పెట్టారు. చంపిన శవాన్ని కిరసనాయిలు పోసి తగలబెట్టకపోతే, కొంతసేపటికి అది మళ్లీ లేచి, ముందుకంటే వేగంగా వెంటపడుతుంది. ఆ కిరసనాయిలూ కొద్దిగానే దొరుకుతుంది మరి! ఏ వసారాలో పడ్డవాణ్ని తగలబెట్టాలి? ఏ దారిలో మనం మళ్లీ రావలసి ఉంటుంది? ఆ లెక్క వేస్తున్నప్పుడే భయం ఎముకల్లోకి దిగుతుంది.

జహీరాబాద్‌లో ఒక వీడియో గేముల సెంటర్‌లో పదోతరగతి దాటిన కుర్రాళ్లు ఇద్దరు ఈ ఆట ఆడుతుంటే వెనక కూర్చుని చూశాను. దయ్యం మీదికొచ్చినప్పుడు వాళ్లు పకపకా నవ్వారు. దయ్యం లేని చోట బిక్కచచ్చిపోయారు! "మూడే బుల్లెట్లున్నయన్నా. లోపల ఇద్దరుంటే ఏం జెయ్యాలె?" అన్నాడొకడు. రెండోవాడు "వద్దురా, వాపస్ పోదాం" అన్నాడు. లోపల ఎవరున్నారో అప్పటికి ఎవరూ చూడలేదు!

చెరకు తోటలో టార్చిలైటు

జహీరాబాద్ చుట్టుపక్కలంతా చెరకు పండే నేల. మనిషికంటే ఎత్తుగా పెరిగిన చెరకు తోటలో రాత్రిపూట ఎప్పుడైనా నడిచారా? గాలికి ఆకు ఆకు ఒరుసుకుని చప్పుడవుతుంది. అది గాలో, అడవి పందో, పామో తెలియదు. తెలంగాణలో వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకుముందు చాలా ఏళ్లు కరెంటు వంతులవారీగా వచ్చేది, ఆ వంతు తరచు అర్ధరాత్రి పడేది. మోటారు వేయడానికి రైతు లేచి వెళ్లవలసిందే. పాము కాటుకో, కరెంటు షాక్‌కో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఊరూరా ఉన్నారు.

ఆ రోజుల గురించి ఇక్కడి రైతు ఒకాయనను అడిగాను. "బ్యాటరీ లైటుల సెల్లు అయిపోవట్టె. మోటర్ ఇంకా దూరముండె. పాము కనవడితె భయంగాదు సార్, తప్పించుకోని పోతం. కనవడకుంటెనే భయం. అట్లని పోకుంటె పంట ఎండుతది" అన్నాడు.

ఆ నాలుగు ముక్కల్లో ఈ ఆటల శాస్త్రమంతా ఉందని ఆయనకు తెలియదు! కనబడని ప్రమాదం, తరిగిపోతున్న వెలుతురు, వెళ్లక తప్పని పని. ఈ మూడూ కలిస్తే భయం. ఇందులో మూడోది లేకపోతే మొదటి రెండూ ఎందుకూ కొరగావు. ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నవాడికి తోటలో పాముంటేనేం, పులి ఉంటేనేం?

అయితే తేడా కూడా చెప్పుకోవాలి. రైతుకు చావు నిజం, ఆటగాడికి ఉత్తుత్తిది. మీట నొక్కితే మళ్లీ మొదలవుతుంది. మరి ఉత్తుత్తి చావుకు చెమటలెందుకు పడతాయంటారా? పోయేది ప్రాణం కాకపోయినా, గంటసేపు పడ్డ పాట్లు పోతాయి. ఆ పోయేది మనదే!

పొగమంచులో రేడియో గరగర

1999లో కొనామి సంస్థ "సైలెంట్ హిల్" తెచ్చింది. ఊరంతా దట్టమైన పొగమంచు. ఆనాటి యంత్రానికి దూరపు దృశ్యాలు గీసే శక్తి చాలక ఆ లోటును మంచుతో కప్పారు. ఆ కప్పడమే కళ అయి కూర్చుంది! "జాస్" చిత్రం తీస్తున్నప్పుడు యంత్రపు సొరచేప మాటిమాటికీ మొరాయించడంతో స్పీల్‌బర్గ్ దాన్ని తక్కువగా చూపించి, 1975లో లోకాన్ని వణికించాడు కదా, ఇదీ అలాంటిదే.

"సైలెంట్ హిల్" కథానాయకుడు హారీ మేసన్ వీరుడేం కాదు. తప్పిపోయిన కూతుర్ని వెతుక్కునే మామూలు రచయిత. పరుగెత్తితే ఆయాసపడతాడు, తుపాకీ గురి అంతంతమాత్రం. జేబులో ఒక చిన్న రేడియో ఉంటుంది. దగ్గర్లో ఏదైనా ఉంటే అది గరగరమంటుంది. ఎటువైపు ఉందో మాత్రం చెప్పదు! సంగీతకర్త అకిరా యమవోకా ఇనుప చప్పుళ్లు, యంత్రాల రొదతో చెవుల్లో భయం నింపాడు.

ఈ విద్య మనకు కొత్తదేం కాదు. 1985లో వంశీ "అన్వేషణ"లో అడవినీ ఇళయరాజా నేపథ్య సంగీతాన్నీ కలిపి ఎంత భయపెట్టాడో అప్పటి ప్రేక్షకుల్ని అడగండి. 1992లో రామ్‌గోపాల్ వర్మ "రాత్రి"లో రేవతి ఉన్న ఇంట్లో కెమెరా ఎవరో నడుస్తున్నట్టు తిరుగుతుంటే, దయ్యం ఎదురుగా లేకపోయినా జనం కుర్చీల్లో ముడుచుకుపోయారు. చెవిని పట్టుకుంటే మనిషి దొరికిపోతాడని వాళ్లకు తెలుసు.

చంపలేని శత్రువు

2010లో స్వీడన్ నుంచి వచ్చిన "అమ్నీషియా"లో అసలు ఆయుధమే లేదు. పారిపోవాలి, దాక్కోవాలి. చీకట్లో ఉంటే మతి చెదురుతుంది, వెలుగులో ఉంటే రాక్షసుడికి కనబడతారు. దాక్కుని వాణ్ని తొంగిచూసినా మతి చెదురుతుంది. లాంతరులో నూనె కొంచెమే!

2014లో "ఏలియన్: ఐసొలేషన్" వచ్చింది. 1979లో రిడ్లీ స్కాట్ తీసిన "ఏలియన్" చిత్రమే దీనికి మూలం. ఇందులోని జంతువుకు రెండు మెదళ్లు పెట్టారని చెప్పుకోవచ్చు. ఒక మెదడుకు మీరెక్కడున్నారో ఎప్పుడూ తెలుసు. అది అప్పుడప్పుడు "అటువైపు వెతుకు" అని సూచన మాత్రం ఇస్తుంది. రెండోది జంతువుది. అది నిజంగానే చూసి, విని, వెతుక్కోవాలి. అందుకే అది ప్రతిసారీ ఒకే దారిలో రాదు, బట్టీపట్టి ఆడడానికి వీల్లేదు. దాన్ని చంపడం ఎవరి తరమూ కాదు.

జపాన్ వారి "ఫేటల్ ఫ్రేమ్" (2001) ఇంకా చిత్రమైనది. అందులో ఆయుధం కెమెరా! దయ్యాన్ని ఫోటో తీస్తే అది బలహీనపడుతుంది. అది ఎంత దగ్గరకొస్తే దెబ్బ అంత గట్టిది. అంటే మీదికొస్తున్న దయ్యాన్ని రానివ్వాలి, కళ్లు మూసుకోకుండా చూస్తూ నిలబడాలి. ఇంతకంటే క్రూరమైన నియమం ఉంటుందా?

బలం పెరిగితే భయం తగ్గు

ఇక్కడ ఆటలవారికే ఒక గుణపాఠం జరిగింది. "రెసిడెంట్ ఈవిల్" అయిదో భాగం (2009), ఆరో భాగం (2012) వచ్చేసరికి కథానాయకులు కండలు పెంచారు, తూటాల వర్షం కురిసింది. పోరాటాలు ఘనంగా ఉన్నాయి, భయం మాయమైంది. అభిమానులు గొణిగారు. 2017లో ఏడో భాగంలో మళ్లీ మొదటికొచ్చారు. ఒక పాత ఇల్లు, భార్య కోసం వచ్చిన ఒక మామూలు మనిషి. భయం తిరిగొచ్చింది!

మన చిత్రాలకూ ఈ సూత్రం వర్తిస్తుంది. 2009లో కోడి రామకృష్ణ "అరుంధతి"ని చూసి మనం చప్పట్లు కొట్టాం. అనుష్క రాణీతనం ముందు భయం కంటే గౌరవమే ఎక్కువ కలిగింది. అది ఆ చిత్రం గొప్పతనం, కాదనను. కానీ 2022లో వచ్చిన "మసూద"లో పక్కింటి తల్లీకూతుళ్లకు సాయం చేయబోయిన పిరికి కుర్రాడు గోపీ వణుకుతుంటే మనమూ వణికాం. వాడి దగ్గర మంత్రం లేదు, బలం లేదు, వదిలేసి పోయే మనసు కూడా లేదు. చెరకు తోటలో రైతులాగే, వెళ్లక తప్పదు! నడుమ 2013లో "ప్రేమకథా చిత్రమ్" నుంచి దయ్యాలతో హాస్యం పండించే చిత్రాలు వరసగా వచ్చాయి. నవ్వుకున్నాం, బాగుంది. అయితే నవ్వించే దయ్యానికి అలవాటుపడ్డ ప్రేక్షకుణ్ని మళ్లీ భయపెట్టడానికి కొందరు పట్టుకున్న మార్గం చెవులు చిల్లులుపడే చప్పుడు! అది ఉలికిపాటే గానీ భయం కాదు. ఉలికిపాటు హాల్లోనే ఆగిపోతుంది, భయం ఇంటిదాకా వస్తుంది.

ఇంకో మాట. ఈ ఆటల్లో అక్కడక్కడా దయ్యాలు రాని గది ఒకటి ఉంటుంది. మెల్లని సంగీతం, ఒక దీపం, ఒక పెట్టె. కుర్రాళ్లు అక్కడికి చేరగానే ఒళ్లు విరుచుకుని మంచినీళ్లు తాగారు. కొంచెం ఊరట ఇస్తేనే మళ్లీ బయటికి వెళ్లడానికి భయం వేస్తుంది. ఆద్యంతం హోరెత్తించే దర్శకులు ఈ గదిని ఒకసారి చూసి రావాలి.

ఆడాలనుకునేవారికి ఒక హెచ్చరిక. వీటిలో చాలావాటి అట్టమీద పదిహేడేళ్లు దాటినవారికే అని ఉంటుంది. పసిపిల్లల ముందు పెట్టకండి. పెద్దవారైతే మాత్రం దీపం ఆర్పి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒంటరిగా ఆడి చూడండి. తూటాలు దుబారా చేయకండేం!