చెర్రీతోట నుంచి ప్రీమియర్ కుర్చీకి...

వరసగా రెండోసారి గెలిస్తేనే గొప్పనుకుంటాం. అలాంటిది ఒకే వ్యక్తి ఇరవయ్యారేళ్లకు పైగా రాష్ట్రాన్ని ఏలితే! దక్షిణ ఆస్ట్రేలియాలో ఓ పండ్లతోటల రైతు అది చేసి చూపించారు. ఆయనే థామస్ ప్లేఫోర్డ్.

1896లో పుట్టిన ప్లేఫోర్డ్‌ది అడిలైడ్ నగరం పక్కన కొండల్లోని నార్టన్ సమ్మిట్. తాతగారు కూడా ప్రీమియరే... అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి. మనవడి చదువు మాత్రం పదమూడేళ్లకే ఆగింది. తండ్రికి దెబ్బ తగలడంతో చెర్రీతోట బాధ్యత మీద పడింది. తర్వాత మొదటి ప్రపంచయుద్ధం. గల్లిపోలీలో పోరాడారు, ఫ్రాన్స్‌లో తీవ్రంగా గాయపడ్డారు. తిరిగొచ్చి మళ్లీ తోటపనే. 1933లో శాసనసభకు ఎన్నికయ్యారు. అయిదేళ్లకే ప్రీమియర్!

గోధుమలు, ఉన్ని తప్ప పెద్దగా ఏమీ లేని రాష్ట్రానికి ఫ్యాక్టరీలు రప్పించడమే ఆయన లక్ష్యం. ప్రభుత్వ సంస్థ ద్వారా తక్కువ అద్దెకు ఇళ్లు కట్టించారు. అద్దె తగ్గితే తక్కువ జీతంతోనూ కుటుంబం గడుస్తుంది, జీతాల భారం తగ్గితే కంపెనీలొస్తాయి. ఇదీ లెక్క. 1955లో ఎలిజబెత్ అనే కొత్త పట్టణమే వెలిసింది. అక్కడి హోల్డెన్ కార్ల ఫ్యాక్టరీ 2017 దాకా నడిచింది. ప్రైవేటు వ్యాపారాన్ని సమర్థించే పార్టీలో ఉంటూనే 1946లో ప్రైవేటు విద్యుత్ సంస్థను ప్రభుత్వపరం చేశారు. సొంత పార్టీవాళ్లే ఎగువసభలో అడ్డుపడినా వెనక్కి తగ్గలేదు.

ఇన్నేళ్ల అధికారం వెనక మరో రహస్యమూ ఉంది. 39 నియోజకవర్గాల్లో 26 పల్లెప్రాంతాలకే! జనాభాలో సగానికి పైగా ఉన్న అడిలైడ్‌కు దక్కినవి 13. ఆ ఏర్పాటు ప్లేఫోర్డ్ ప్రీమియర్ కాకముందే వచ్చింది. ఆయన దాన్ని మార్చలేదు. 1962లో ప్రతిపక్ష లేబర్ పార్టీకే ఎక్కువ ఓట్లొచ్చాయి, సీట్లూ ఒకటి ఎక్కువే... 19. ఇద్దరు స్వతంత్రుల అండతో ప్లేఫోర్డే కొనసాగారు. చివరికి 1965లో ఓడిపోయారు. 1981లో కన్నుమూశారు.

ఆ లెక్కను సరిదిద్దింది ఆయన పార్టీ నాయకుడే. 1968లో ప్రీమియర్ అయిన స్టీల్ హాల్ కూడా రైతే. తక్కువ ఓట్లతో గద్దెనెక్కడం సబబు కాదనుకుని నగరానికి సీట్లు పెంచారు. 1970లో జరిగిన ఎన్నికల్లో ఓడిపోయారు. ఇళ్లూ, కరెంటూ ఇచ్చిన నాయకుణ్ని ఇప్పటికీ అక్కడ గొప్పగానే చెప్పుకుంటారు. నగరంలో ఓటుకు సగం విలువే ఉన్న రోజుల్నీ మర్చిపోలేదు.