తుపాకుల సంగ్రహము – బీమా

మన దేశమున 2019 నాటి చట్టసవరణ తరువాత సామాన్య పౌరుడు రెండు తుపాకులకు మించి ఉంచుకొనరాదు. అమెరికాలో అట్లు కాదు. తాతలనాటి తుపాకులను ఇంట వరుసగా పేర్చుకొన్నవారనేకులు. ఇంటికి బీమా చేసినచో వానికిని చేసినట్లేయని వారిలో పలువురు తలచెదరు. ఆ తలపు సగమే నిజము.

అక్కడి గృహబీమాలో 2011 నాటి ప్రామాణిక పత్రమును చూడుడు. అగ్నిప్రమాదమునకు తుపాకులపై ప్రత్యేకపు హద్దు లేదు. ఇంటి సామగ్రికంతటికిని గల పరిమితియే వర్తించును. దొంగతనమునకు మాత్రము, ఎన్ని పోయినను, అనుబంధ పరికరములతో కలిపి ఇచ్చునది 2,500 డాలర్లే! 20,000 డాలర్ల సంగ్రహము పోయినవానికి దక్కునది ఎనిమిదవ వంతు. కాలినదానికంటె పోయినదానికి తక్కువ ఇచ్చుట వింతగా తోచవచ్చును. చిన్నదై, విలువగలదై, సులభముగా అమ్ముడుపోవునది దొంగల నాకర్షించునని బీమావారి లెక్క. నగలకును ఇట్టి హద్దే కలదు.

కావున ఒక్కొక్క తుపాకిని క్రమసంఖ్యతో, విలువతో పట్టికలో చేర్పించి అదనపు ప్రీమియము చెల్లింపవలెను. పురాతనమైనవానికి నిపుణుడు విలువకట్టిన పత్రమును జతపరచుట మేలు. ఇనుప బీరువా దొంగను ఆపునేమో గాని, మంటల వేడిమికి లోపలి కొయ్యభాగములు మాడకుండునని చెప్పలేము. ఇక ఫొటోలను, రసీదులను ఆ బీరువాలోనే దాచువారున్నారు. వానిని వేరొకచోట, బ్యాంకు లాకరులో ఉంచవలెను.