క్యూలో కలిసిన భక్తులు

తిరుమల సర్వదర్శనానికి గంటల తరబడి వేచి ఉండటం మామూలే. వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్టుమెంట్లలో ముక్కూమొహం తెలియనివాళ్లు పక్కపక్కన కూర్చుంటారు. "ఏ ఊరండీ?" అన్న పలకరింపు కాసేపటికే మొక్కుల దాకా వెళ్తుంది. పసుపు గుడ్డలో కట్టిన ముడుపు, పిల్లాడి పుట్టువెంట్రుకలు, తగ్గదనుకున్న జబ్బు తగ్గడం అన్నీ బయటికొస్తాయి. చుట్టాలకు చెప్పుకోలేనివి కూడా ఇక్కడ చెప్పుకుంటారు. విన్నవాళ్లు మళ్లీ కలవరన్న ధీమా అది. తీరని మొక్కుల ఊసు మాత్రం తక్కువే. అయినా వినేవారి నమ్మకం గట్టిపడుతుంది, ఎందుకంటే చెప్పేది పురాణం కాదు, పక్కమనిషి బతుకు.

కొండకు నడిచి వెళ్లే అలిపిరి కాలిబాటలో దాదాపు 3,550 మెట్లు. మెట్టుమెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెడుతున్న ఆడమనిషిని "ఏం మొక్కుకున్నావమ్మా?" అని అడిగితే ఎవరూ తప్పు పట్టరు. అదే దారిలోని మోకాళ్ల పర్వతం దగ్గర కూలబడ్డవారికి "ఇంకెంతో లేదు, గోవిందా అనండి" అని ధైర్యం చెబుతారు. ఆ "ఇంకెంతో లేదు" చాలాసార్లు అబద్ధమే.

అయ్యప్ప దీక్షలోనైతే పరిచయమే అక్కర్లేదు. మాల వేసుకున్న ఎవరైనా "స్వామి"యే. రైల్వే ప్లాట్‌ఫారం మీద "ఎన్నోసారి స్వామీ?" అన్న ప్రశ్నతోనే తొలిసారి మాల వేసుకున్న కన్నెస్వామికి పెద్దస్వాముల అనుభవాలు, జాగ్రత్తలు అందుతాయి.